లంక ఆకు, మెట్ట ఆకు: పొగాకు రుచి పుట్టే తీరు

పొగాకు రుచి చేలో సగమే తయారవుతుంది. మిగతా సగం ఆకు కోసిన తర్వాత, అది ఆరే రోజుల్లోనూ మండె అనే ఆకుల కుప్పలో మగ్గే నెలల్లోనూ రూపు దిద్దుకుంటుంది. చుట్ట కట్టేవారూ, పైపు కాల్చేవారూ తమకు నచ్చిన పాళ్లలో ఆకులు కలుపుకునే పని రసాయనశాస్త్రం దృష్టిలో ఎందుకు అంత ఆసక్తికరమో తెలియాలంటే గోదావరి సీమను మించిన పాఠం దొరకడం కష్టం. రాజమహేంద్రవరం పరిసరాల్లోని గోదావరి లంకల్లో ముదురు రంగు, ఘాటైన చుట్టాకు పండుతుంది. నదికి పడమట మెట్ట ప్రాంతంలో, దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం చుట్టుపట్ల ఎర్ర ఇసుక నేలల్లో పసుపుపచ్చని వర్జీనియా ఆకు పండుతుంది. ఏజెన్సీ వైపు నీడన ఆరే బర్లీ ఆకు కనిపిస్తుంది. పైపు పొగాకు మిశ్రమాలు తయారుచేసే నేర్పరి ఖండాలు దాటి తెప్పించుకునే సరుకులో తియ్యని ఆకు, పొడిబారిన గింజల వాసనగల ఆకు, చుట్టల ఘాటుగల ఆకు అనే మూడు ప్రధానమైన తరగతులూ ఇక్కడ ఒక్కరోజు ప్రయాణంలో చూడవచ్చు.

కోసిన ఆకు వెంటనే చనిపోదు. కాండం నుంచి వేరైన తర్వాత కూడా దాని కణాలు కొన్ని రోజులపాటు శ్వాసిస్తూనే ఉంటాయి. వేళ్ల నుంచి నీరూ పోషకాలూ అందవు కాబట్టి, అప్పటిదాకా దాచుకున్న పిండిపదార్థాన్ని కరిగించుకుని, ఆ చక్కెరతోనే అవి ప్రాణం నిలుపుకుంటాయి. బాగా పక్వానికి వచ్చిన వర్జీనియా ఆకు పొడి బరువులో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఈ పిండిపదార్థమే ఉంటుంది. జీవకణాల్లో రసాయన మార్పులను వేగవంతం చేసే మాంసకృత్తులైన ఎంజైములు దాన్ని చక్కెరగా మారుస్తాయి. అదే సమయంలో ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం విరిగిపోయి, దాని చాటున ఉన్న కెరోటినాయిడ్లు అనే పసుపు వర్ణకాలు బయటపడతాయి. సరిగ్గా ఈ దశలో వేడి పెట్టి కణాలను చంపేస్తే చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. చంపకుండా నీడన వదిలేస్తే ఆకు ఆ చక్కెరను తానే ఖర్చుచేసుకుని, అది అయిపోయాక తన మాంసకృత్తులను విడగొట్టడం మొదలుపెడుతుంది. మెట్ట వర్జీనియాకూ లంక ఆకుకూ రుచిలో కనిపించే దూరంలో విత్తనానికీ నేలకూ భాగం ఉన్నా, పెద్ద భాగం మాత్రం ఆకును ఎప్పుడు చావనివ్వాలన్న ఈ నిర్ణయానిదే.

వేడితో ఆరబెట్టే పద్ధతికి ఆద్యుడిగా చరిత్ర ఒక బానిస యువకుడి పేరు చెబుతుంది. 1839లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రం, కాస్వెల్ కౌంటీలో, స్లేడ్ కుటుంబపు పొలంలో ఆకు ఆరే కొట్టాన్ని రాత్రంతా కనిపెట్టుకుని ఉండాల్సిన స్టీఫెన్ నిద్రపోయాడు. లేచి చూసేసరికి నిప్పు ఆరబోతుండడంతో దగ్గరలో ఉన్న బొగ్గులు తెచ్చి వేశాడు. ఆ హఠాత్తు వేడికి ఆకు గోధుమరంగుకు తిరగకుండా నిగనిగలాడే పసుపురంగులో నిలిచిపోయింది. తర్వాతి కాలంలో బొగ్గుల స్థానంలో పొగను గదిలోకి రానివ్వకుండా వేడిని మాత్రమే పంచే ఇనుప గొట్టాలు వచ్చాయి. 1920లలో గుంటూరు జిల్లాలో వర్జీనియా సాగుతోపాటు ఆంధ్రదేశంలోకి అడుగుపెట్టి, రైతుల నోట బ్యారన్‌గా స్థిరపడినది ఈ గొట్టాల గదే.

బ్యారన్ పని చూడటానికి ఎత్తైన గోడల గదిలో నిప్పు పెట్టడంలా కనిపించినా, లోపల జరిగేది చాలా సున్నితమైన వ్యవహారం. కర్రలకు అల్లిన పచ్చి ఆకును అంతస్తులుగా వేలాడదీసిన తర్వాత, మొదటి ఒకటిన్నర రెండు రోజులు 35 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలిలో తేమ ఎక్కువగా ఉంచుతారు. ఆకు బతికి ఉండి పండేది ఈ దశలోనే. పసుపు తిరిగాక క్రమంగా వేడి పెంచుతూ, గాలి కిటికీలు తెరుస్తూ, సుమారు 55 డిగ్రీల దాకా తీసుకుపోతే ఆకు పలక ఆరుతుంది, రంగు నిలబడుతుంది. చివరగా 70 డిగ్రీలు దాటించి మధ్య ఈనెను ఆరబెడతారు. అంతా కలిపి సుమారు వారం రోజుల పని. తొందరపడి వేడి పెంచితే ఆకుపచ్చ ఛాయ ఉండిపోయి పొగ పసరు వాసన వేస్తుంది. ఆలస్యం చేస్తే ఎంజైములు చక్కెరను తగలేసి ఆకు కమిలిపోతుంది. బాగా కుదిరిన ఆకులో చక్కెరలు 15 నుంచి 25 శాతం దాకా మిగులుతాయి, నికోటిన్ సాధారణంగా 2 శాతానికి అటూఇటూ ఉంటుంది.

ఈ తీపుకు నేల కూడా తోడ్పడుతుంది. మెట్టలోని తేలిక నేలల్లో నత్రజని ఎక్కువకాలం నిలవదు. మొక్కకు కావలసినంత పెరుగుదల వచ్చేసరికి నేలలో అది తరిగిపోతే, ఆకు మాంసకృత్తులు కట్టుకోవడం తగ్గించి పిండిపదార్థం దాచుకోవడం మొదలుపెడుతుంది. అందుకే ఆ ఆకుకు నిండైన రంగు, జిడ్డు, పరిమళం వస్తాయి. నల్లరేగడి నేలల్లో, నేలలో దాగిన తేమతోనే పండించిన వర్జీనియా ఆకు పలచగా, లేత రంగులో, పరిమళం తక్కువగా ఉండి, మిశ్రమాల్లో బరువు నింపే ఆకుగా పనికివస్తుంది. వ్యాపారంలో దీనికి చిన్నచూపు ఉన్నా ఆ చూపు సరైనది కాదు. గొంతెత్తని ఆకు లేకపోతే ఏ మిశ్రమంలోనూ గొంతెత్తే ఆకు సహించదు.

లంకల కథ వేరు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్యా, వాటి ఒడ్డుల వెంటా ఏటా జులై నుంచి సెప్టెంబరు దాకా వరద ముంచెత్తి, తీసేటప్పుడు ఒండ్రు పొర పరిచి వెళుతుంది. నీరు తీసిన తర్వాత నేల పదును చూసుకుని నాట్లు వేస్తే, శీతకాలపు మంచులో మొక్క పెరిగి, చలి వెనకపట్టే నాటికి ఆకు కోతకు వస్తుంది. పూమొగ్గ కనిపించగానే తల తుంచేస్తారు; పక్కల నుంచి వచ్చే పిలకలనూ తీసేస్తూ ఉంటారు. నికోటిన్ తయారయ్యేది ఆకుల్లో కాదు, వేళ్లలో. పూతకూ విత్తనానికీ పోవలసిన శక్తి తలతోపాటు తెగిపోవడంతో వేళ్లు విస్తరిస్తాయి, అవి తయారుచేసిన నికోటిన్ అంతా మిగిలిన కొద్ది ఆకుల్లోకే చేరుతుంది. తక్కువ ఆకులుంచిన చుట్టపొగాకు మొక్క మీద మొవ్వు ఆకుకు అంత ఘాటు రావడానికి కారణం ఇదే. అడుగాకు పలచగా, తక్కువ ఘాటుతో ఉంటుంది. నడిమి ఆకు రెంటి మధ్యా నిలుస్తుంది. కాబట్టి ఒకే మొక్క నుంచి కోసిన ఆకులను కూడా విడివిడిగా ఆరబెట్టి, విడివిడిగా దాచుకున్నవాడికే వాటిని పాళ్లు చూసి కలుపుకునే వీలుంటుంది.

నెమ్మదిగా వారాల తరబడి ఆరిన లంక ఆకులో చక్కెర దాదాపు మిగలదు. మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలూ అమ్మోనియా పుట్టి, ఆకు గోధుమ, ముదురు గోధుమ రంగుల్లోకి దిగుతుంది. ఆ స్థితిలోనే కాలిస్తే ముక్కుపుటాలు దహించుకుపోతాయి. ఆ ఆకును పదునెక్కించి మండె వేయడం అందుకే. మండె లోపల ఆకుల్లో మిగిలిన ఎంజైములూ, వాటి మీది సూక్ష్మజీవులూ పనిచేయడం వల్ల వేడి పుడుతుంది. ఆ వేడికి అమ్మోనియా ఎగిరిపోతుంది, కొంత నికోటిన్ కూడా విచ్ఛిన్నమవుతుంది. చెయ్యి పెట్టి చూసినప్పుడు లోపల వేడి హెచ్చినట్టు తెలిస్తే మండె విప్పి, లోపలి ఆకు బయటికీ బయటి ఆకు లోపలికీ మార్చి మళ్లీ కడతారు. తిరగవేయడంలో అలసత్వం జరిగితే మధ్యలోని ఆకు మాడి బూజు వాసన పట్టేస్తుంది. కుదిరిన మండె విప్పినప్పుడు వచ్చే వాసనలో తోలు, మట్టి, ఎండుగడ్డి, కొద్దిగా పాతబెల్లం ఛాయ కలిసి ఉంటాయి. వీటిలో చాలా భాగం కెరోటినాయిడ్లు విరగడం వల్ల పుట్టిన సుగంధ ద్రవ్యాలదే. వాటిలో ఒకటైన డమసినోన్ గులాబీ అత్తరులోనూ ఉంటుంది. కడియం నర్సరీల గులాబీకీ లంక ఆకుకూ ఇంత దగ్గరి రసాయన బంధుత్వం ఉండటం ప్రకృతి విచిత్రాల్లో ఒకటి.

రుచితోపాటు ఆకు ఎలా కాలుతుందన్నదీ ముఖ్యమే. క్లోరైడు ఎక్కువగా పీల్చిన ఆకు పదేపదే ఆరిపోతుంది, పొటాషియం ఎక్కువగా ఉన్న ఆకు నిలకడగా కాలుతుంది. సముద్రానికి దగ్గరై ఉప్పు నీరు తగిలే చోట పండిన పొగాకుకు పేరు రాకపోవడానికీ, వరద ఏటా కడిగి కొత్త ఒండ్రు వేసే లంకలకు పేరు రావడానికీ ఈ లవణాల తూకం ఒక కారణం. శాస్త్రజ్ఞులు ఆకు మీద ఒకచోట నిప్పంటించి, మంట లేకుండా ఆ నిప్పుకణిక ఎన్ని సెకన్లు పాకిందో లెక్కించి దీన్ని కొలుస్తారు. పూర్తిగా కాలిన ఆకు బూడిద తెల్లగా, బూడిదరంగులో నిలబడుతుంది. సరిగ్గా కాలని దానిలో బొగ్గు మిగిలి నల్లబడుతుంది. ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్, తాను 140 రకాల పొగాకు బూడిదల మీద వ్యాసం రాసినట్టు చెబుతూ, నేరస్తుణ్ణి పట్టించగల ఉదాహరణగా ఎన్నుకున్నది లంక చుట్టనే. గోదావరి లంకల సరుకు పేరు లండన్ పాఠకుడికి వివరణ లేకుండా చెప్పదగినంతగా ఆనాటికే చెలామణిలో ఉందన్నమాట. అదే కాలంలో కాకినాడ రేవు నుంచి బర్మాకు కూడా ఈ సీమ పొగాకు ఓడలెక్కేది. ఇంతటి పంటను శాస్త్రీయంగా పరిశీలించేందుకు 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ ఏర్పడింది. జీలుగుమిల్లి వంటి చోట్ల దానికి ఉపకేంద్రాలు వచ్చాయి.

ఇన్ని రకాల ఆకులు నోట్లో వేర్వేరుగా తోచడానికి మూలం పొగ ఆమ్లమా క్షారమా అన్న ప్రశ్న. చక్కెర కాలినప్పుడు ఆమ్లాలు పుడతాయి కాబట్టి వర్జీనియా పొగ ఆమ్లగుణంతో ఉంటుంది. ఆ స్థితిలో నికోటిన్ లవణరూపంలో బంధించబడి ఉండి, నోటి పొరల గుండా అంతగా లోపలికి పోదు. గొంతుకూ మృదువుగా తోస్తుంది. చక్కెర లేని, అమ్మోనియాగల లంక ఆకు పొగ క్షారగుణంతో ఉంటుంది. ఆమ్లత్వాన్ని, క్షారత్వాన్ని కొలిచే పీహెచ్ కొలమానంలో 8 దగ్గర నికోటిన్‌లో సగం బంధం వీడి స్వేచ్ఛగా ఉంటుంది. స్వేచ్ఛానికోటిన్ ఆవిరిలో కలిసి ముక్కు ఘాటెక్కిస్తుంది, నోటి లోపలి పొరల్లోంచే రక్తంలోకి పోతుంది. చుట్ట పొగను గుండెల్లోకి పీల్చకుండా నోట్లోనే తిప్పి వదిలినా చుట్ట కాల్చేవారికి కావలసిన కైపు దొరకడంలో రహస్యం ఇదే. అయితే తీపు ఆకుకు కూడా ఒక చిక్కుంది. తేమ ఎక్కువగా ఉన్న వర్జీనియాను పైపులో తొందర తొందరగా పీలిస్తే వేడి ఆవిరీ ఆమ్లాలూ కలిసి నాలుక మీద కొరికినట్టు మంట పుట్టిస్తాయి. పరిమళం విషయానికొస్తే, నాలుక గుర్తించగలిగినవి తీపు, పులుపు, చేదు వంటి కొద్ది రుచులే. మిగిలిందంతా పొగను ముక్కు గుండా నెమ్మదిగా వదిలినప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోని గ్రాహకాలు పసిగట్టే వాసనే.

ఆకులు కలపడమంటే ఈ చక్కెర, నికోటిన్, ఆమ్లక్షారాల తూకాన్ని ఒకరి నోటికి తగినట్టు సర్దడం. గోదావరి పల్లెల్లో స్వయంగా చుట్ట చుట్టుకునే మనిషి లోపలికి నలిగిన ఆకు ఎంత పెట్టాలో, ఘాటైన మొవ్వు ఆకు ముక్క ఎంత చేర్చాలో, పైన చుట్టడానికి పగలని పలచటి ఆకు ఏది తియ్యాలో చూపుతో, వేళ్ల పదునుతో నిర్ణయించుకునేవాడు. పైపు మిశ్రమాల్లో అదే నిర్ణయం తూకంతో జరుగుతుంది. పద్ధతి తెలిసినవారు ముందు ప్రతి ఆకునూ ఒంటరిగా, ఈనె తీసి సన్నగా తరిగి, రుచి చూస్తారు. ఈనె వేడిగా, కటువుగా కాలుతుంది కాబట్టి దాన్ని ఉంచి రుచి చూస్తే ఆకు మీద తప్పు తీర్పు వస్తుంది. తేలికపాటి ఆకుతో మొదలుపెట్టి ఘాటైన దాంతో ముగించాలి, ఎందుకంటే లంక ఆకు రుచి చూసిన నోటికి ఆ పూట వర్జీనియా పరిమళం తెలియదు.

ఆ తర్వాత ఒక ఆకును పునాదిగా ఎంచుకోవాలి. పునాది తప్పయితే పైన ఏం కలిపినా దిద్దలేరు, ఇక్కడ తొందరపాటే పెద్ద శత్రువు. తీపు కావలసినవారు మెట్ట వర్జీనియాను 70 భాగాల చొప్పున పెట్టుకుని, దాని ఆమ్లపు కొరుకుడు తగ్గడానికి 20 భాగాల బర్లీ చేర్చుకోవచ్చు. 1864లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక నారుమడిలో పత్రహరితం తక్కువగా పుట్టిన లేతరంగు మొక్కల నుంచి వచ్చిన తెల్ల బర్లీ నీడన ఆరే రకం. దానిలో చక్కెర దాదాపు ఉండదు, కాలినప్పుడు వేయించిన గింజల వాసన వస్తుంది, గుల్లగా ఉండి తడినీ పరిమళాలనూ పీల్చుకుంటుంది. మిగిలిన 10 భాగాల్లో లంక ఆకు పడితే మిశ్రమానికి అడుగు బలం, తోలు వాసన వస్తాయి. ఘాటు చాలదనిపించినప్పుడు ఒకేసారి రెట్టింపు చేయడం కంటే, నూటికి రెండు మూడు భాగాల చొప్పున పెంచుతూ పోవడం మేలు. క్షారత్వం పెరిగేకొద్దీ స్వేచ్ఛానికోటిన్ సరళరేఖలో కాకుండా ఎగబాకుతుంది, కాబట్టి ఒక దశ వరకు ఏమీ తెలియని నోటికి ఆ తర్వాతి చిటికెడే తల తిప్పిస్తుంది. మొత్తం 20 గ్రాములకు మించని చిన్న పాళ్లలో తూచి, రాసిపెట్టుకుని చేస్తే పోయేది తక్కువ, నేర్చుకునేది ఎక్కువ.

ఇక్కడ పండనివీ కొన్ని మిశ్రమకారుల పెట్టెలో ఉంటాయి. టర్కీ, గ్రీసు ప్రాంతాల ఎండలో ఆరే చిన్నాకు పొగాకు తన నూగు వెంట్రుకల్లోని జిగట నుంచి పుల్లని, ధూపంలాంటి వాసననిస్తుంది. సైప్రస్, సిరియాల లటాకియా కట్టెల పొగలో ఆరి ఆ పొగ వాసననే తనది చేసుకుంటుంది. లూసియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాల్లో ఒత్తిడి కింద పులిసే పెరీక్ పండ్ల పులుపునిస్తుంది. ఏదైనా మసాలా స్థాయిలో కొద్దిగా పడితేనే అందం.

కలిపిన వెంటనే రుచి చూసి తీర్పు ఇవ్వకూడదు. ఆవకాయ ఊరాలన్నట్టే మిశ్రమం కూడా మూత బిగించిన సీసాలో కొన్ని వారాలు ఉండాలి. ఆ సమయంలో ఆకుల తేమ ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకి సమానమవుతుంది, వర్జీనియాలోని చక్కెరలు అమైనో ఆమ్లాలతో కలిసి కొత్త గోధుమరంగు పదార్థాలుగా మారడం సాగుతూనే ఉంటుంది. తేమ 12 నుంచి 14 శాతం మధ్య ఉంటే పైపులో చక్కగా కాలుతుంది. గుప్పిట నొక్కి వదిలితే ఉండకట్టకుండా విచ్చుకోవాలి, పొడిపొడిగా రాలకూడదు.

రుచిని తెచ్చిపెట్టే ఈ మార్పులే శరీరానికి హానిని కూడా తెస్తాయి, దీన్ని దాచడం విజ్ఞానానికి ద్రోహం. నీడన ఆరే రోజుల్లోనూ మండెలోనూ సూక్ష్మజీవులు ఆకులోని నైట్రేట్లను నైట్రైట్లుగా మారుస్తాయి. అవి నికోటిన్ వంటి క్షారపదార్థాలతో కలిసినప్పుడు క్యాన్సర్ కలిగించే నైట్రోసమైన్లు పుడతాయి. లంక, బర్లీ ఆకులకు నిండుదనం ఇచ్చే కాలమే వీటినీ పెంచుతుంది, ఏ పాళ్లలో కలిపినా తొలగవు. పొగను మింగడం లేదు కదా అన్న ధైర్యం కూడా నిలవదు, ఎందుకంటే క్షారపు పొగ నోట్లోనే పీల్చుకోబడుతుంది, నోరు, గొంతు, అన్నవాహికల మీదే దాని భారం పడుతుంది.

ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా విశాఖపట్నం, శ్రీకాకుళం పల్లెల్లో, స్త్రీలు చుట్ట నిప్పు వైపును నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఈ విషయాన్ని వైద్యలోకానికి కళ్లకు కట్టింది. ఇతర ప్రాంతాల్లో అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ అడ్డపొగ తాగేవారిలో తరచుగా కనిపించింది. వేడి నేరుగా అంగిలికి తగలడం, పొగ అంతా మూసిన నోటిలోనే నిలవడం దీనికి కారణాలు. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని వెంటాడి, మానుకోమని నచ్చజెబుతూ సాగిన అధ్యయనం అయిదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అలవాటు మానినవారిలో, తగ్గించుకున్నవారిలో క్యాన్సర్‌కు ముందు నోటి పొరల్లో వచ్చే మార్పులు తగ్గుముఖం పట్టినట్టు అందులో తేలింది.